ఆవకాయ మలుపు

“ఆవకాయ అంటే ఏమిటి?” అని రాస్ మూడోసారి అడిగాడు.

విజయశ్రీ మూడోసారి కూడా జవాబు చెప్పలేదు. గోడ మీద మనిషెత్తున ఉన్న కొండ మ్యాప్ వంక చూస్తూ నిలబడింది. తెల్లటి కొండ, దాని మీదుగా కిందికి దిగే పచ్చ, నీలం, నలుపు గీతలు. ఒక్కో గీత ఒక్కో స్కీ దారి. ఒక్కో దారికి ఒక్కో పక్షి పేరు. ఆమెకు తెలిసిన పేరు ఒక్కటీ లేదు.

కొండ మీద పడ్డవాళ్ళని కిందికి దించుకొచ్చే స్కీ పట్రోల్ వాళ్ళ గది అది. హీటర్ పక్కన తడిసిన గ్లవ్స్ ఆరేసి ఉన్నాయి. గోడగడియారం రెండూ నలభై చూపిస్తోంది. నాలుగింటికి లిఫ్టులు ఆపేస్తారు. ఫిబ్రవరి ఎండ ఆ తరవాత ఎంతోసేపు ఉండదు.

శ్యామ్‌సుందర్ నుంచి వచ్చిన ఆఖరి మెసేజ్ ఆమె చేతిలో ఉన్న ఫోన్‌లో అలాగే వెలుగుతోంది. “ఆవకాయ దగ్గర పడ్డాను. కంగారు పడకు.” ఆమె ఇంకా దారిలో ఉండగానే అది వచ్చింది, యాభై నిమిషాలైంది. తరవాత ఎన్నిసార్లు చేసినా స్విచాఫ్. కంగారు పడకు అన్న ఆ ముక్క లేకపోతే విజయశ్రీ ఇంత కంగారు పడేది కాదు. ముప్పయ్యేళ్ళ కాపురంలో ఆయన ఆ మాట అన్న ప్రతిసారీ ఏదో ఒక కొంప మునిగింది.

“అమ్మా, ప్లీజ్. ఆన్సర్ చెప్పు,” అంది మైత్రి. కూతురే నాషువాలోని వాళ్ళింటి నుంచి గంటన్నర డ్రైవ్ చేసి ఆమెను ఇక్కడికి తీసుకొచ్చింది.

“ఏం చెప్పను? మా ఆయన పచ్చడి దగ్గర పడిపోయాడు, వెతికి పెట్టండి అని చెప్పనా?”

“పికిల్,” అంది మైత్రి రాస్‌తో.

రాస్ నెరిసిన గడ్డం గోక్కున్నాడు. ముప్పయ్యొక్క ఏళ్ళుగా ఈ కొండ మీద పట్రోల్ చేస్తున్న మనిషి. ఎవరేం చెప్పినా నవ్వకుండా వినడం అలవాటైపోయింది.

“మ్యామ్, మీ ఆయన తిండి దగ్గర లేడు. కెఫెటీరియా మొత్తం చూశాం. పన్నెండింటికి డ్యూటీ అయ్యాక రేడియో ఇచ్చేసి మళ్ళీ లిఫ్ట్ ఎక్కాడు.”

డ్యూటీ! ఆ మాట ఆమెకు ఇంకా మింగుడుపడలేదు. ఆరు శనివారాలుగా గుడిలో పిల్లలకి శ్లోకాలు నేర్పుతున్నానని చెప్పి వెళ్తున్న మనిషి, నీలం జాకెట్ తొడుక్కుని ఈ కొండ మీద వచ్చేపోయేవాళ్ళకి దారులు చూపిస్తున్నాడు. జీతం లేని ఉద్యోగం. అక్టోబర్‌లో గుండెలో స్టెంట్ వేశారు. ఎండలు ముదిరేదాకా మంచులోకి దిగొద్దని డాక్టర్ ఆమె ఎదుటే చెప్పాడు.

పోయిన శనివారం పులిహోర డబ్బా పట్టుకుని గుడికి వెళ్ళి ఆమె భంగపడింది. శ్యామ్ గారిని చూసి నెలన్నర దాటిందమ్మా అని అక్కడి సత్యంగారు అన్నప్పటి నుంచి ఆమె మొగుడితో మాట్లాడటం మానేసింది. ఎందుకు మానేసిందో చెప్పను కూడా లేదు. ఆయన అడగనూ లేదు. ఈ పొద్దున మళ్ళీ “గుడికి వెళ్ళొస్తా” అని ఆయన కారెక్కాక, ఆమె మైత్రికి ఫోన్ చేసింది. ఆ పిల్ల ఫోన్‌లో తండ్రి ఎక్కడున్నాడో కనిపించే ఏర్పాటు ఒకటుంది. అది ఈ కొండ పై అంచు దాకా చూపించి ఆగిపోయింది.

“అది ఒక దారి పేరు,” అంది విజయశ్రీ చివరికి. “మేం పెట్టుకున్న పేరు.”

వాళ్ళది బెజవాడ. పాతికేళ్ళ కిందట మొదటిసారి ఇక్కడికి వచ్చినప్పుడు బోర్డుల మీది పేర్లు నోరు తిరగక సొంత పేర్లు పెట్టుకున్నారు. వెడల్పుగా, వాలు తక్కువగా ఉన్నది బందరు రోడ్డు. ఇద్దరు పక్కపక్కన పట్టనిది సత్యనారాయణపురం సందు. చూస్తేనే గుండె నోట్లోకొచ్చే నిటారు దారి ఇంద్రకీలాద్రి మెట్లు. మైత్రికి చిన్నప్పుడు ఆ పేర్లే తెలుసు. పదేళ్ళప్పుడు బెజవాడ తీసుకెళ్ళి, ఇదేనమ్మా బందరు రోడ్డు అంటే, మరి లిఫ్ట్ ఏదని అడిగింది.

“కానీ ఆవకాయ నాకు తెలీదు,” అంది మైత్రి. “నేను ఎప్పుడూ అక్కడ స్కీ చేయలేదు.”

“అది నీకు మూడేళ్ళప్పటి మాట. కింద డేకేర్‌లో ఉన్నావు.”

రాస్ బల్ల సొరుగు లాగి, అడుగు నుంచి మడతలు పడ్డ పాత కాగితం మ్యాప్ తీసి పరిచాడు. “కొండని కంపెనీ కొన్నాక పేర్లన్నీ మార్చేశారు. ఇది అంతకుముందుది. మీరు ఎక్కిన లిఫ్ట్ ఎలా ఉండేదో చెప్పండి.”

“ఇద్దరే పట్టేవాళ్ళం. చెక్క సీటు. ఎక్కేటప్పుడు మోకాళ్ళ వెనక దబ్బున కొట్టేది.”

రాస్ మొహం కొంచెం విచ్చుకుంది. “ఆ దెబ్బలు నేనూ తిన్నాను. పదమూడేళ్ళయింది దాన్ని పీకేసి. దిగాక?”

“దిగాక ఎడమ చేతి పక్క చిన్న చెక్క గది. లోపల ఇనప పొయ్యి. ఒక ముసలాయన కూర్చుని అందరి సాక్సూ ఆరబెట్టేవాడు.”

“హ్యారీ.”

“పేరు తెలీదు. మాకు టీ ఇచ్చేవాడు, పంచదార వేయకుండా. ఆ గది వెనక నుంచి చెట్లలోకి దిగేవాళ్ళం. తెల్ల బెరడు చెట్లు. మధ్యలో ఉన్నట్టుండి చెట్లు లేని జాగా వచ్చేది. మన... మా ఇంటి వాకిలంత ఉంటుంది. అక్కడ కూర్చుని అన్నం తినేవాళ్ళం.”

చెప్తూ చెప్తూ ఆమెకే ఆశ్చర్యం వేసింది. పదిహేడేళ్ళుగా ఆ దారుల ఊసే ఎత్తలేదు. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఏ చెట్టు దగ్గర ఎటు ఒరగాలో కూడా గుర్తొస్తోంది.

రాస్ పెన్సిల్‌తో మ్యాప్ మీద మూడు చోట్ల సున్నాలు చుట్టాడు. “ఆ గది వెనక చెట్ల మధ్య ఖాళీ జాగాలు మూడున్నాయి. గ్లేడ్స్ అంటాం. ప్రీచర్స్ పాకెట్, డీకన్స్ ఎల్బో, విడోస్ ఆర్చర్డ్. కొత్త మ్యాప్‌లో మూడూ లేవు, మూసేశారు. ఒకదాని నుంచి ఒకదానికి అడ్డంగా వెళ్ళలేం. తప్పు దాంట్లోకి దిగితే మళ్ళీ కింద దాకా వచ్చి ఎక్కాలి. నలభై నిమిషాలు పోతుంది. మూడింట్లో ఏది?”

విజయశ్రీ మూడు సున్నాల వంకా చూసింది. మూడూ ఒకేలా ఉన్నాయి.

“ఆవకాయ అని ఎందుకు పెట్టారు?” అన్నాడు రాస్.

ఆమె కూతురి వంక చూసింది. ఇన్నేళ్ళూ ఈ కథ పిల్లలకి చెప్పనివ్వలేదు. మొగుడు చెప్పబోతే తొడపాశం పెట్టేది. ఇప్పుడా మనిషి మంచులో పడి ఉన్నాడు. ఇంకా పరువేంటి?

“నేను పడ్డాను,” అంది గబగబా. “బ్యాగ్‌లో పెరుగన్నం, హార్లిక్స్ సీసా నిండా ఆవకాయ పెట్టుకుని వెళ్ళాం. వెల్లకిలా పడ్డాను. సీసా పగిలింది. నూనె, కారం అంతా బ్యాగ్‌లోంచి జాకెట్‌కి ఇంకి, వీపు కింద మంచంతా ఎర్రగా అయిపోయింది. నాకేం కాలేదు. నవ్వొచ్చి లేవలేకపోయాను. అటు వెళ్తున్న ఎవరో ఆవిడ చూసి, రక్తం రక్తం అని కేకలు పెట్టుకుంటూ పోయి మిమ్మల్ని పంపింది. మంచు మీద జారే స్లెడ్ బండి లాక్కుని ఇద్దరు కుర్రాళ్ళొచ్చారు. ఒకడు నన్ను బోర్లా తిప్పి, గాజుగుడ్డ పెట్టి నొక్కి, వాసన చూసి...”

రాస్ లేచి నిలబడ్డాడు.

“వెల్లుల్లి,” అన్నాడు.

విజయశ్రీ నోరు తెరిచింది.

“అది మీరా? ఆ కుర్రాణ్ణి నేనే. మూడు నెలలు నా ఫస్ట్ ఎయిడ్ బ్యాగ్ వెల్లుల్లి కంపు కొట్టింది. మా వాళ్ళు రెండేళ్ళు నన్ను బతకనివ్వలేదు.” మాట్లాడుతూనే హెల్మెట్ అందుకున్నాడు. “డీకన్స్ ఎల్బో. కళ్ళు మూసుకుని వెళ్తాను.”

రేడియోలో ఎవరికో ఏదో చెప్తూ, బయట ఆగి ఉన్న స్నోమొబైల్, మంచు మీద నడిచే బండి, ఎక్కి వెళ్ళిపోయాడు.

గదిలో తల్లీకూతుళ్ళు మిగిలారు. ఓ మూల పట్రోల్ అమ్మాయి ట్యాబ్లెట్ మీద ఏదో నింపుకుంటోంది.

“మామ్, ఆ స్టోరీ సో ఫన్నీ. ఎందుకు చెప్పలేదు ఎప్పుడూ?”

“నువ్వెందుకు చెప్పలేదు?”

“నేనా? ఏంటి?”

“దారిలో ఒక్కసారైనా జీపీఎస్ పెట్టావా? పార్కింగ్ దగ్గర ఏ వైపు తిరగాలో కూడా ఆలోచించలేదు. ఈ సీజన్‌లో నువ్విక్కడికి వచ్చావు.”

మైత్రి జాకెట్ జిప్ పైకీ కిందికీ లాగింది.

“రెండుసార్లు,” అంది. “డాడీ చెప్పొద్దన్నాడు. నేను డాక్టర్‌కి చెప్పావా అని అడిగాను. ‘చెప్పాను, డాక్టర్ ఓకే అన్నాడు’ అన్నాడు. నేను నమ్మాను అమ్మా.”

“నువ్వు నమ్మావు. నేను గుడి అంటే నమ్మాను. ఇంటిల్లిపాదికీ ఎవరి సైజుకి తగ్గట్టు వాళ్ళకి ఒక్కో అబద్ధం కుట్టించి పెట్టాడన్నమాట!”

“నువ్వు వద్దంటావని భయం డాడీకి.”

“అంటానే! వద్దనడానికి ఒక మనిషి ఉండాలనే కదా పెళ్ళి చేసుకునేది?”

మైత్రికి ఏడుపొచ్చింది. విజయశ్రీకి కూడా వచ్చింది కానీ ఆమె దాన్ని కోపంలోకి తోసేసింది. వెళ్ళి కిటికీ దగ్గర నిలబడింది. బయట బందరు రోడ్డు మీద చిన్నపిల్లలు కోడిపిల్లల్లా వరసగా దిగుతున్నారు. దేవుడా, తిట్టడానికైనా మనిషిని దక్కించు అని మొక్కుకుంది. మూడూ ఐదు. మూడూ పది. మూడూ పదిహేను.

రేడియో గరగరమంది. పట్రోల్ అమ్మాయి చెవి దగ్గర పెట్టుకుని విని తలెత్తింది.

“దొరికాడు. మాట్లాడుతున్నాడు. కాలి మడమ వాచింది, వొళ్ళు చల్లబడింది, అంతే. చెట్టుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడట.” తరవాత కొంచెం తటపటాయించి, “వాళ్ళావిడకి కోపంగా ఉందా అని అడుగుతున్నాడు,” అంది.

విజయశ్రీ పక్కనున్న బెంచీ మీద కూలబడింది. నవ్వు ముందొచ్చిందో ఏడుపు ముందొచ్చిందో ఆమెకే తెలీలేదు. మైత్రి వచ్చి మెడ చుట్టూ చేతులు వేస్తే విదిలించుకోలేదు. వారం రోజులుగా గుండెల మీద ఉన్న రాయి దిగినట్టుంది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. మైత్రి ఎక్కడి నుంచో పట్టుకొచ్చిన వేడి చాక్లెట్‌ని, మామూలుగా ముట్టుకోనిదాన్ని, మూడు గుటకల్లో తాగేసింది.

శ్యామ్‌సుందర్‌ని స్లెడ్ మీద పడుకోబెట్టి, మెడ దాకా దుప్పట్లు చుట్టి తీసుకొచ్చారు. ముక్కు ఎర్రగా కందిపోయింది. మీసాల మీద మంచు. గుమ్మంలో భార్యని చూడగానే కళ్ళు మూసుకున్నాడు.

“కళ్ళు తెరవండి. నేను పోను,” అంది విజయశ్రీ.

వారం రోజుల తరవాత ఆమె ఆయనతో అన్న మొదటి మాట అది. ఆయన కళ్ళు తెరిచాడు.

“ఇంటి దగ్గర ఉన్నావనుకున్నాను.”

“నేనూ మిమ్మల్ని గుడిలో ఉన్నారనుకున్నాను. ఆరు వారాలు అనుకున్నాను.”

పట్రోల్ అమ్మాయి బూటు విప్పి కాలు చూస్తుంటే ఆయన పళ్ళు బిగపట్టుకున్నాడు.

“పట్రోల్ వాళ్ళ నంబర్ ఉంది కదా మీ ఫోన్‌లో. నాకెందుకు పెట్టారు మెసేజ్? నేను నాషువాలో ఉంటే ఏం చేసేదాన్ని?”

“రెండు పర్సెంట్ ఉంది బ్యాటరీ,” అన్నాడు శ్యామ్‌సుందర్ మెల్లిగా. “ఎవరికి పెట్టాలని ఆలోచించలేదు విజయా. వేలు నీ పేరు మీదికే పోయింది.”

ఆమె తల పక్కకి తిప్పుకుంది. తిట్టడానికి దాచుకున్న మాటల్లో సగం అక్కడే పోయాయి.

“అసలు ఆ అడవిలోకి ఎందుకు వెళ్ళారు?”

“ఎండాకాలంలో అక్కడ చెట్లు కొట్టేసి కొత్త లిఫ్ట్ వేస్తున్నారు. చెట్లకి ఆరెంజ్ రిబ్బన్లు కట్టేశారు. మనం కూర్చునే చోటు ఫొటో తీసి నీకు చూపిద్దామని.”

“ఏమని చూపిస్తారు? గుడి వెనక ఉందనా?”

ఏడుస్తున్న మైత్రి ఫక్కున నవ్వేసింది. శ్యామ్‌సుందర్ కూడా నవ్వబోయి, కాలు కదిలి అబ్బా అన్నాడు. రాస్‌కి తెలుగు రాకపోయినా నవ్వాడు.

“ఈమె అని నాకెందుకు చెప్పలేదు?” అని శ్యామ్‌సుందర్‌ని అడిగాడు. “ఆరు వారాల నుంచి కలిసి పని చేస్తున్నాం. ఆ గాజుగుడ్డ కథ నీకు నాలుగుసార్లు చెప్పాను. నువ్వు పైకి ఏమీ అనకుండా వినేవాడివి.”

“మా ఆవిడ ఎవరికీ చెప్పొద్దంది,” అన్నాడు శ్యామ్‌సుందర్.

విజయశ్రీకి ఈసారి నిజంగానే నవ్వొచ్చింది. ఇన్ని అబద్ధాలాడిన మనిషి ఆ ఒక్క మాట మాత్రం పాతికేళ్ళు నిలబెట్టుకున్నాడు!

ఆ తరవాత పావుగంటసేపు ఆ గదిలో పాత కొండ కబుర్లే నడిచాయి. రాస్ కాగితం మ్యాప్‌ని స్లెడ్ పక్కన పట్టుకుంటే, శ్యామ్‌సుందర్ దుప్పట్లోంచి చెయ్యి బయటికి తీసి ఏది ఎక్కడో చూపించాడు. హ్యారీ పొయ్యి మీద ఒకడి గ్లవ్ కాలిపోయిన రోజు. సత్యనారాయణపురం సందులో ఒక లావాటాయన ఇరుక్కుని వెనక ఇరవై మంది ఆగిపోయిన రోజు. పిల్లలు కాస్త పెద్దయ్యాక విజయశ్రీ రావడం మానేసిన సంవత్సరం దగ్గర మాత్రం ఆయన ఆగాడు.

“నీకు చలి పడదని మానేశావు కదా?”

“ఎవరు చెప్పారు?”

“నువ్వే...”

“నేను చెప్పలేదు. ‘నువ్వొస్తే నీ కోసం మేం ఆగుతూ ఉండాలి’ అన్నారు మీరు. పార్కింగ్‌లో. బూట్లు కట్టుకుంటూ.”

శ్యామ్‌సుందర్ చాలాసేపు గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. “అన్నానేమో,” అన్నాడు చివరికి. “తప్పు అన్నాను.”

పదిహేడేళ్ళ కిందటి మాటకి ఆమె ఇవాళ ఈ జవాబు అనుకోలేదు. దుప్పటి జారిపోతే పైకి లాగి మెడ దగ్గర సర్దింది.

“సర్, ఇంకొక్క రెండు ప్రశ్నలు,” అంది పట్రోల్ అమ్మాయి ట్యాబ్లెట్ పట్టుకుని. బీపీ, నాడి అన్నీ చూసింది, పర్వాలేదంది. కాలికి ఎక్స్‌రే తీయించుకుంటే చాలు, ఇంటికెళ్ళిపోవచ్చు. “పడే ముందు ఛాతీలో నొప్పి గాని, బరువు గాని, ఆయాసం గాని...”

“నో,” అన్నాడు శ్యామ్‌సుందర్.

ఆ అమ్మాయి ప్రశ్న పూర్తి కూడా చేయలేదు. మైత్రి హమ్మయ్య అని కారు తాళాలు తీసుకుంది. రాస్ హెల్మెట్ కొక్కేనికి తగిలించాడు.

“ఆగమ్మా,” అంది విజయశ్రీ. ఆ అమ్మాయికి తెలుగు రాదు కానీ ఆగింది.

“ఏమండీ, ఇటు చూడండి.”

“ఏంటి విజయా?”

“మీరు ఏది చెప్తే అది నమ్మడం నాకు అలవాటు. ఇప్పుడూ నమ్ముతాను. నమ్మి, కార్‌లో వెనక సీట్లో పడుకోబెట్టి, గంటన్నర దారి ఎక్కడా ఆగకుండా ఇంటికి తీసుకెళ్ళిపోతాను. మీరు నో అన్నారు కాబట్టి దారిలో మీ వంక తిరిగి చూడను కూడా చూడను. మళ్ళీ అడుగుతున్నాను. ఏమైనా అనిపించిందా?”

శ్యామ్‌సుందర్ పైకప్పు వంక చూశాడు. రేడియోలో ఎవరో లిఫ్టులు ఆపే వేళైందని చెప్తున్నారు. మైత్రి తాళాలు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

“పడకముందే,” అన్నాడాయన ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని. “ఇక్కడ. బరువుగా. ఒక రెండు నిమిషాలు. చెట్టు పట్టుకుందామని వంగితే కాలు జారింది.”

విజయశ్రీకి భయం వేసింది. అయినా, ఆరు వారాల తరవాత ఆ మనిషి నోటి నుంచి ఒక నిజం విన్నందుకు, అంత భయంలోనూ, ఆమె ప్రాణం తెరిపినపడింది.

“యెస్ అని రాయమ్మా,” అంది ఇంగ్లీషులో. “అక్టోబర్‌లో స్టెంట్ వేశారని కూడా రాయి. అంబులెన్స్ పిలువు.”

అమ్మాయి అప్పటికే ఫోన్ అందుకుంది. రాస్ ఆక్సిజన్ సిలిండర్ దగ్గరికి వెళ్ళాడు.

“కోపం వచ్చిందా?” అన్నాడు శ్యామ్‌సుందర్.

“వచ్చింది. మాట్లాడకుండా పడుకోండి.” అని, మళ్ళీ తనే అంది. “కాదు, మాట్లాడండి. ఇంకేమైనా దాచి ఉంటే అంబులెన్స్ వచ్చేలోపల చెప్పేయండి. తరవాత చెప్తే నేనొప్పుకోను.”

ఆయన మైత్రి వంక చూశాడు. మైత్రి వెంటనే తల దించుకుంది.

“ఇంకొకటి ఉంది విజయా,” అన్నాడు.

ఆమె బెంచీని స్లెడ్ పక్కకి లాక్కుంది. ఆయన చెయ్యి దుప్పట్లోంచి తీసి తన రెండు చేతుల మధ్యా పెట్టుకుని కూర్చుంది.

“చెప్పండి,” అంది. “వింటున్నాను.”